లకుముకి వెనకవైపు

బావ చేతిసంచిలోంచి బూమరాంగ్ తీసి గాజు బల్ల మీద పెట్టగానే డేగకి ఏదో తేడా కొట్టింది.

ఏమిటా తేడా అని అడిగితే వెంటనే చెప్పలేడు. ఓడరేవులో సరుకు తనిఖీ చేస్తూ ఉద్యోగమంతా గడిపినవాడికి అనుమానం ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాత కంటికి, అందరికన్నా ఆఖర్న బుర్రకి. ఆ చూపుని బట్టే తోటివాళ్ళు ‘డేగ’ అని పేరు పెట్టారు. రిటైరైన రోజున పెద్ద భూతద్దం ఒకటి కానుకిచ్చి మరీ సాగనంపారు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. భూతద్దం జేబులోంచి దిగలేదు.

బల్ల మీదున్నది అతని సొంత వస్తువే. పేరు లకుముకి. పలచటి చెక్క పొరలు అతికించి, చేత్తో చెక్కి, రెండు రెక్కల మీదా లకుముకిపిట్ట ఒంటిని రంగుల్లో దించిన బూమరాంగ్. వీపు నీలం, రొమ్ము నారింజ, వంపు దగ్గర చిన్న నల్లటి కన్ను. పిల్లలు ఆడుకుని పారేసే రకం కాదు. ఇలాంటివి చెక్కేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు, పోగుచేసేవాళ్ళు అంతకన్నా తక్కువ. ఆ తక్కువలో ఇద్దరు ఒకే కుటుంబంలో పడ్డారు. డేగా, అతని అక్క మొగుడూ.

ఏటా వానలు మొదలయ్యే ముందు బావా బావమరుదులు చెరొకటీ మార్చుకుంటారు. కొన్నాళ్ళు ఎదుటివాడి గోడకి తగిలించి, మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు ఒక పద్ధతుంది. వస్తువుని గాజు బల్ల మీద పెట్టాలి. సొంతదారు అటూ ఇటూ తిప్పి చూసుకుని, “ముట్టింది” అనాలి. ఆ మాట పడేదాకా తెచ్చినవాడి పూచీ తీరదు. ఇంకో నియమం కూడా ఉంది, ఇంకా గట్టిది. ఎదుటివాడి బూమరాంగ్‌ని విసరకూడదు, దాని మీద పనిముట్టు పెట్టకూడదు.

“ఏం బామ్మర్దీ, చూస్తున్నావా, ఎక్స్‌రే తీస్తున్నావా?” అన్నాడు బావ.

డేగ వంగి, కళ్ళని బల్ల మట్టానికి దించాడు. తన లకుముకి గాజు మీద పెడితే రెండు కొసలూ గాజుని తాకుతాయి. ఇప్పుడు ఎడమ రెక్క కొస పైకి లేచి ఉంది. జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి కిందికి తోశాడు. సాఫీగా దూరింది.

“వానలకి చెక్క కాస్త అటూ ఇటూ అవుతుందిలే,” అన్నాడు బావ, ఎవరూ అడక్కుండానే.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుంది. డేగ బూమరాంగ్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. వార్నిష్ వాసన. దాని అడుగున సన్నగా లవంగనూనె వాసన. బావ పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. డాక్టర్లు కొలత తీసి పంపిస్తే, అచ్చు పోసి, పక్క పన్ను రంగులో రంగు కలిపి, కట్టుడు పన్నేదో సొంత పన్నేదో నోటివాడికే తెలియనట్టు చేసిస్తాడు. అచ్చుకి అచ్చు దించడమే అతని వృత్తి.

ఆ ముక్క బుర్రకి తట్టగానే డేగ బూమరాంగ్‌ని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

“రేపు చెబుతాలే బావా.”

“ఏం చెబుతావు?”

“అదే. ముట్టిందో లేదో.”

బావ నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మాట మర్నాటికి వాయిదా పడటం ఇదే మొదటిసారి. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

“అన్నయ్యగారు కాఫీ వద్దన్నారేమిటి? ఆయన వేడినీళ్ళిచ్చినా కాఫీ అనుకుని తాగే మనిషి కదా,” అంది భార్య కప్పు పట్టుకుని వస్తూ.

“నాకూ అదే అనుమానం.”

“మీకు అనుమానం లేనిదెప్పుడు? పెళ్ళిచూపుల్లో నా జడ లాగి చూద్దామా అనుకున్నారట, వదిన చెప్పింది.” కప్పు అతని ముందు పెట్టి, ఆవిడ తన చేతి కుట్టుమిషను ముందు కూర్చుంది. చక్రం తిప్పగానే మిషను టకటకా కుంటింది. “ఈ కాలు మార్పించమని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఎలుక కొరికిన దగ్గర్నుంచీ బల్ల మీద నిలవనంటోంది.”

డేగ వినలేదు. అతని మనసు లకుముకి కొన్న రోజులకి పోయింది. చెక్కినావిడని అతనెప్పుడూ చూడలేదు. వెనకవైపు కాల్చి పెట్టిన మూడు చుక్కల గుర్తు తప్ప ఆవిడ గురించి ఏమీ తెలియదు. కొట్టువాడి దగ్గర కొని తెచ్చి గోడకి తగిలిస్తే, ఎడమ కొస ఎత్తుపన్నులా ముందుకు పొడుచుకొచ్చింది. ఎంత గొప్ప చెయ్యయినా ఒక్కోసారి జారుతుంది కదా అనుకుని, ఆ తప్పుని తనే సరిదిద్దాడు. ముసురు పట్టిన రోజులు చూసుకుని, బోర్లా పెట్టి, పైన భార్య చేతిమిషనుని ఎత్తి కూర్చోబెట్టాడు. ముసురు వదిలేసరికి రెక్క పలకలా చదునైంది. మిషను రబ్బరు కాలు గుర్తు వెనక వార్నిష్‌లో పడితే మైనం పెట్టి రుద్ది మాయం చేశాడు. అప్పట్నుంచి లకుముకి గోడకి బల్లిలా అతుక్కుని ఉంది.

అలాంటిది మళ్ళీ పొడుచుకొచ్చింది. చెక్క కాళ్ళొచ్చి లేచి నిలబడదు. అయితే ఇది ఆ చెక్క కాదు.

*

మర్నాడు మధ్యాహ్నం డేగ బావ ల్యాబ్‌కి బయల్దేరాడు. ఎదురుగానే అడిగేద్దామనుకున్నాడు. తీరా వీధి మలుపు తిరిగితే ల్యాబ్ షట్టర్ సగం దించి ఉంది. పొద్దున్నపూట అక్క కూడా అక్కడే ఉండి, తయారైన సెట్లని దూదిలో చుట్టి డబ్బాల్లో సర్దుతుంది. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత బావ ఒక్కడే.

ఇంతలో షట్టర్ కిందనుంచి వంగి బావ బయటికొచ్చాడు. చేతిలో అదే గుడ్డసంచి. అటూ ఇటూ చూసి, గబగబా బస్టాపు వైపు నడిచాడు.

డేగ జెరాక్స్ షాపు గోడ చాటుకి తప్పుకున్నాడు. బస్టాపులో నెరిసిన జుట్టుని పొట్టిగా కత్తిరించుకున్న ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చేతులు కొంచెం వణుకుతున్నాయి. బావ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏదో మాట్లాడుకున్నారు. ఆవిడ తన ఒళ్ళో ఉన్న పొడుగాటి సంచి ఇచ్చింది. బావ తన సంచి ఆవిడకిచ్చాడు.

డేగ ఫోను తీసి బావకి కలిపాడు. అక్కడ బస్టాపులో బావ ఉలిక్కిపడి జేబు తడుముకోవడం కళ్ళారా చూశాడు.

“ఎక్కడున్నావు బావా?”

“ల్యాబ్‌లోనే. చేతినిండా పళ్ళు. ఊపిరి సలపడం లేదనుకో.”

“హారన్ వినిపిస్తోంది?”

“కిటికీ తీసుంది.”

ల్యాబ్‌కి వీధివైపు కిటికీ లేదు. డేగ ఫోను పెట్టేశాడు. ఉద్యోగంలో ఎంతమంది తన మొహం మీదే అబద్ధమాడారో లెక్కలేదు. ఒక్కరి మాటకీ ఇంత నొచ్చుకోలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టుకున్నాడు. కానీ పట్టుకున్నందుకు సంతోషం రావడం లేదు.

సాయంత్రం అక్క ఫోను చేసింది. అమ్మ పోయినప్పుడు డేగకి జోళ్ళ లేసు కట్టుకోవడం కూడా రాదు. అక్కే పెంచింది. అతని భార్య సరదాకి అంటూ ఉంటుంది, తనకి అత్తగారు లేని లోటు తెలియకుండా వదిన చూసుకుంటోందని. ప్రతి ఆదివారం భోజనం అక్కింట్లోనే. జ్వరమొచ్చినా సరే, అక్క పెట్టిన పథ్యమే తినేవాడు.

“ఒరే, నువ్వేదో అనాల్సిన మాట అనలేదట. ఈయన నిన్నట్నుంచి మూతి ముడుచుకుని తిరుగుతున్నారు.”

“చూస్తున్నానక్కా. ఇంకా తేలలేదు.”

“ఏం తేలాలి?”

డేగ తటపటాయించాడు. “అది నాదో కాదో.”

ఈసారి అక్క గొంతు నెమ్మదిగా వచ్చింది. నెమ్మదిగా వస్తేనే భయం.

“తమ్ముడూ, ఆయన మీద పడ్డ మాట నా మీద పడ్డట్టే. నిజమైతే నాకే ముందు చెప్పు, నేను చూసుకుంటాను. నిజం కాకుండా అన్నావో, మళ్ళీ నా గడప తొక్కకు. ఆదివారం లేదు, సోమవారం లేదు.”

అందుకే డేగకి రుజువు కావాల్సి వచ్చింది. చేతిలో పెట్టి చూపించే రుజువు.

లకుముకిని మళ్ళీ బల్ల మీద పెట్టి, భూతద్దంతో అంగుళం అంగుళం వెతికాడు. మూడు చుక్కలూ ఉన్నాయి. ఉంటాయి, పళ్ళ మీద గీతలు దించేవాడికి మూడు చుక్కలు దించడం ఒక లెక్కా? కుడి రెక్క కొస దగ్గర నీలం మిగతా నీలం కన్నా ఒక్క పిసరు లేతగా ఉంది. ఆ పిసరు చాలు. చాకు మొనతో అక్కడ గీకాడు.

నీలం పొర లేచింది. అడుగున చెక్క రంగు కనబడాలి. కనబడలేదు. గులాబీ రంగు కనబడింది. నున్నగా, తడిగా మెరుస్తున్నట్టు, అచ్చం మనిషి చిగురులా.

కట్టుడు పళ్ళకి చిగుళ్ళు పోసే పదార్థం అది.

“ఇక ఇందులో అనుమానం ఏముంది?” అన్నాడు డేగ పైకే.

“మీరా మాట అన్నారంటే నాకు భయమేస్తోంది,” అంది మిషను దగ్గర్నుంచి భార్య.

*

పొద్దున అతను వెళ్ళేసరికి ఇద్దరూ ల్యాబ్‌లోనే ఉన్నారు. పొడుగాటి బల్ల మీద వరుసగా దవడలు, కొన్ని ఉత్త సున్నపు అచ్చులు, కొన్నిటికి పళ్ళు దిగాయి. ఎవరు వచ్చినా అన్నీ కలిసి పళ్ళికిలించే గది అది. బావ చిన్న మోటారుతో ఒక పన్నుకి మెరుగుపెడుతున్నాడు. అక్క దూది చుడుతోంది.

డేగ లకుముకిని ఆ దవడల మధ్యలో పెట్టాడు.

“అసలుది ఎక్కడ బావా?”

మోటారు ఆగింది. అక్క చేతిలో దూది ఆగింది.

“ఇదే అసలుది,” అన్నాడు బావ. కానీ ఆ మాట అతని చెప్పుల మీద పడింది.

“అయితే లకుముకి రెక్కలోకి చిగురు ఎలా వచ్చింది? పిట్టలకి కూడా పళ్ళ సెట్లు కడుతున్నావా?” గీకిన చోటు చూపించాడు. “నిన్న నువ్వు ల్యాబ్‌లో లేవు. బస్టాపులో ఉన్నావు. ఆ ముసలావిడ ఎవరు? సంచులు మార్చుకున్నారే, అందులో ఏముంది? నావి ఎన్ని దాటాయి ఇప్పటికి?”

బావ నోరు తెరిచి మూశాడు. ఆ మూయడమే కొంప ముంచింది. అక్క మొగుడి మొహంలోకి చూసింది. ఆ చూపు డేగకి తెలుసు. తను ఉద్యోగమంతా చూసిన చూపే అది. కాకపోతే అక్క కళ్ళల్లో ఎప్పుడూ చూడలేదు.

“మధ్యాహ్నాలు నేను ఫోను చేస్తే ఎత్తరేమిటా అనుకున్నాను,” అందావిడ. “మోటారు చప్పుడులో వినబడలేదన్నారు. మాట్లాడండి. ఎవరావిడ?”

“చెబుతాను. ఇక్కడ కాదు.”

“ఇక్కడే. నా తమ్ముడి ముందే.”

డేగకి ఊపు వచ్చింది. పట్టుబడ్డ సరుకు మీద ఆఖరి మేకు కొట్టడమే మిగిలింది. “వెనక చూడక్కా. ఇన్నేళ్ళ వార్నిష్‌ అయితే మాసి ఉండాలి. ఇది నిన్నగాక మొన్న వేసినట్టుంది.” పళ్ళ మీద సన్నటి బీటలు కూడా దాక్కోకుండా బల్లకి పక్కగా దించి పెట్టిన దీపం అక్కడ ఉంది. దాన్ని దగ్గరికి లాగి, లకుముకిని బోర్లా తిప్పి, ఆ వాలు వెలుతురులో పెట్టాడు.

ఇంకాస్త వంగి చూశాడు.

వంపు దగ్గర, మూడు చుక్కలకి కాస్త కింద, వార్నిష్‌లో ఒక గుండ్రటి గుర్తు తేలింది. మామూలు వెలుతురులో కనబడదు. భూతద్దానికీ దొరకలేదు. గుండ్రం పూర్తిగా లేదు. ఒక పక్కన చిన్న కాటు పడినట్టు తెగి ఉంది.

ఎలుక కొరికిన కాలు.

డేగ ఆ గుర్తుని వేలితో తడిమాడు. ఓడరేవులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి తనే చెప్పేవాడు. నకిలీ చేసేవాడు కంటికి కనబడేదే దించుతాడు, సొంతదారు దాచిపెట్టింది ఎవడూ దించలేడు. ఈ గుర్తు గురించి తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. ఒకరు తను. రెండోది కుంటి మిషను.

“ఏమిట్రా ఆగావు?” అంది అక్క. నడుముకి కట్టుకున్న పని గుడ్డ ముడి విప్పుతోంది. “ఒక్కసారి గట్టిగా చెప్పు, ఇది నీది కాదని. చెబితే ఈయన సంగతి నేను తేలుస్తాను.”

దీపం కొంచెం పక్కకి జరిపితే ఆ గుర్తు మళ్ళీ మాయమవుతుంది. ఎవరూ చూడలేదు. బావ ఏదో దాస్తున్నాడన్నది ఎలాగూ నిజం. తలొంచుకుని ఒక్క ‘కాదు’ అంటే చాలు, తన మాట నిలబడుతుంది, ఆదివారం భోజనం నిలబడుతుంది. కూలేది ఎదురుగా నిలుచున్న మనిషి ఒక్కడే.

బావ అతన్ని బతిమాలడం లేదు. మెరుగు సగంలో ఆగిన పన్నుని వేళ్ళ మధ్య తిప్పుకుంటున్నాడు.

“నాదేనక్కా,” అన్నాడు డేగ.

“ఏమిటీ?”

“ఇది నాదే. అసలుదే. ఈ గుర్తు మా ఇంట్లో మిషను కాలిది. గోడకి సరిగ్గా కూర్చోవడం లేదని నేనే దీన్ని మిషను కింద పెట్టి అణిచాను. ఎవరికీ చెప్పలేదు.”

బావ తలెత్తాడు. “నువ్వా?”

“నేనే.”

“ఓరి నీ.” బావ స్టూలు మీద కూలబడ్డాడు. “నేను కొట్టువాణ్ణి తిట్టుకుంటున్నాను ఇన్నాళ్ళూ.”

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మీది కూడా కక్కండి. ఆ చిగురు ఎక్కడిది?”

అప్పుడు చెప్పాడు బావ. లకుముకి తన గోడకి వచ్చిన రోజునే చేతిలోకి తీసుకుని చూశాడట. రెక్కకి ఉండాల్సిన మెలిక లేదు. ఆ మెలిక లేకపోతే బూమరాంగ్ గాలిలో తిరగదు, విసిరిన కర్రలా పోయి పడుతుంది. “నమలలేని పన్నుని పన్నంటారా బామ్మర్దీ? నాకు నిద్ర పట్టలేదు. చెక్కినావిడ ఎక్కడుందో కొట్టువాణ్ణి పీకి పీకి కనుక్కున్నాను. నువ్వు బస్టాపులో చూసింది ఆవిడనే. చేతులు వణుకుతాయి, ఇప్పుడేమీ చెక్కడం లేదు. కానీ ఆవిరి పట్టి రెక్కని మళ్ళీ మెలితిప్పింది. నాకూ నేర్పుతోంది. నిన్న సంచుల్లో ఉన్నవి నేను చెక్కినవే, నీవి కావు.”

“మరి చిగురు?”

బావ గొంతు తగ్గింది. “మెలిక సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కదా. విసిరాను. ఒక్కసారే. మైదానం చివర నీళ్ళ ట్యాంకు స్తంభం ఉంది. కొస ముక్క ఎగిరిపోయింది. చేతిలో ఉన్నదాంతో పూసి రంగు దిద్దాను. నియమం తప్పాను, నీకెలా చెప్పను, మీ అక్కకెలా చెప్పను? చెబితే నువ్వు ఇంకోటి ఇవ్వవు.”

“ఇవ్వను,” అన్నాడు డేగ నిజాయితీగా.

“మరి ఎవరు అణిచారని ఆవిడ అడగలేదా?” అంది అక్క.

“అడిగింది. పేరు చెప్పమంది. నాలుగు పెడతానంది. పాత సామాన్ల కొట్లో అలాగే దొరికిందని చెప్పాను. మీ తమ్ముడి వస్తువని చెబితే వాడి మీదికే పోతుంది కదా మాట.”

గదిలో కాసేపు దవడలు తప్ప ఎవరూ నవ్వలేదు.

డేగ లకుముకిని తిరగేసి గాజు లేని ఆ బల్ల మీదే పెట్టాడు. ఒక కొస పైకి లేచి ఉంది. ఇంకో కొస మీద తను గీకిన గాయం, అందులోంచి గులాబీ రంగు. ఇక దీన్ని ఏ గోడకి తగిలించినా సరిగ్గా కూర్చోదు. 

“ముట్టింది బావా.”

బావ తలూపాడు. మెల్లగా చెయ్యి చాచి, అతని భుజం మీద పడిన సున్నపు పొడి దులిపాడు.

“నీకు ముట్టిందేమో. నాకింకా ముట్టలేదు,” అంది అక్క. పని గుడ్డ మళ్ళీ నడుముకి బిగించి కట్టుకుంది. “ఒకడు నా మొగుణ్ణి దొంగన్నాడు. ఒకాయన రోజూ మధ్యాహ్నం నాతో అబద్ధమాడాడు. నేను ఇద్దర్నీ నమ్మి కూర్చున్నాను. చాలా బాగుంది.”

“అక్కా…”

“ఆదివారం రా. భోజనానికి కాదు. ఆ మైదానానికి. అది తిరుగుతుందో లేదో నా కళ్ళతో నేను చూడాలి. మీరు ఆ ముసలావిడని కూడా రమ్మనండి, రెక్క అణిచింది ఎవరో వాడి నోటితోనే ఆవిడకి చెప్పించాలి. వంట సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం.” తమ్ముడి వైపు చెయ్యి చాచింది. “అదిలా ఇవ్వు.”

లకుముకి అనుకుని అందించబోయాడు.

“అది కాదు. జేబులోది.”

డేగ భూతద్దం తీసి అక్క చేతిలో పెట్టాడు. జేబు తేలికైపోయి, నడుస్తుంటే ఒక పక్కకి ఒరుగుతున్నట్టు అనిపించింది. లకుముకిని చంకలో పెట్టుకుని బయటి మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి చూశాడు.

బావ నిన్న తెచ్చుకున్న పొడుగాటి సంచిని అక్క బల్ల మీద బోర్లించింది. ఒక్కొక్క వస్తువే ఎత్తి, దీపం కింద పెట్టి, భూతద్దంతో చూస్తోంది. బావ స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, తనిఖీకి నిలబెట్టిన ప్రయాణికుడిలా కూర్చున్నాడు.